ఒక ఆట - పెక్కు ప్రతులు

ఒకే గ్రంథమునకు రెండు ప్రతులు చేతికి వచ్చినప్పుడు దేనిని ఉంచవలెను, దేనిని విడువవలెను అను ప్రశ్న మన సాహిత్యమునకు క్రొత్తది కాదు. అది తాటియాకుల కాలమున పుట్టినది. అచ్చుయంత్రముల కాలమున పెరిగినది. నేడు కంప్యూటర్ల కాలమున వేరొక వేషమున మరల మన వాకిట నిలిచినది. ఈ ప్రసంగమున మేము ముచ్చటింపదలచినది కావ్యములను గురించి కాదు, పురాణములను గురించియు కాదు. ముప్పది, నలువది ఏండ్లకు పూర్వము కంప్యూటర్లపై పిల్లలాడుకొనిన ఆటలను గురించి; వాని ప్రతులను ఏరి, కూర్చి, నలుగురికి అందుబాటులో ఉంచు పనిని గురించి. ఆటల గొడవ మనకేల అని పెద్దలు విసుగుకొనవచ్చును. కాని కొంత ఓపికతో వినినచో, బ్రౌను దొర తాటియాకు కట్టల ముందు కూర్చుండి ఎదుర్కొనిన చిక్కే ఇచ్చటను ఉన్నదని వారికే తోపగలదు.

సిద్దిపేట జిల్లాలోని మా దుబ్బాక నేతపనికి పేరుపడిన ఊరు. 2016లో క్రొత్త జిల్లా ఏర్పడువరకు ఇది మెదకు జిల్లాలోనిది. కొంతకాలము క్రిందట ఈ ఊరిలో ఒక ఇంటి అటకపైనుండి రెండు అట్టపెట్టెల ఫ్లాపీలు మాకు చేరినవి. ఒకప్పుడు కంప్యూటరు నేర్పుటకై నడపిన ఒక చిన్న శిక్షణాలయపు ఆస్తి అది. శిక్షణాలయము ఎన్నడో మూతపడినది; యంత్రములు తుక్కుక్రింద పోయినవి; ఫ్లాపీలు మాత్రము ధూళి కప్పుకొని మిగిలినవి. ఫ్లాపీలో పలుచని అయస్కాంతపు పూత కల చక్రము ఉండును. కాలము గడచిన కొలది ఆ పూత రాలును, బూజు పట్టును, అందలి వ్రాత చెరగిపోవును. కావున ముందుగా వానినన్నిటిని క్రొత్త యంత్రమునకు ఎక్కించితిమి. అప్పుడు తెలిసినది: పాఠములకంటె ఆటలే ఎక్కువ! అందులోను ఒక్కొక్క ఆటకు పలు ప్రతులు. 'డేంజరస్ డేవ్' అను ఆట ఎన్ని ఫ్లాపీలపై ఉన్నదో లెక్కపెట్టి మేమే నవ్వుకొంటిమి. 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా', 'డిగ్గర్' కూడ అట్లే. వీనిలో ఏది అసలు, ఏది నకలు? అన్నియు ఒకటేనా? ఒకటే యైనచో ఇన్ని ఏల? కాకున్నచో భేదమెక్కడ?

ఈ ప్రశ్నలకు మన పెద్దలు చెప్పిన సమాధానమును ముందు చూతము. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798లో కలకత్తాలో జన్మించెను. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చి తెలుగు నేర్చుకొనెను. వేమన పద్యములను సేకరింప మొదలిడినప్పుడు ఆయనకు ప్రతికొక పాఠము, ఊరికొక వరుస ఎదురైనవి. ఒక కట్టలో ఉన్న పద్యము మరియొక కట్టలో లేదు. ఉన్నను మాటలు మారినవి. అన్నిటికిని చివర వేమన మకుటము మాత్రము ఉన్నది. మకుటము తగిలించుట ఎంత పని? ఎవరైనను తాము కట్టిన పద్యమునకు అది తగిలింపవచ్చును. బ్రౌను పండితులను నియమించి, పెక్కు ప్రతులను ప్రక్కప్రక్కన పెట్టి పోల్పించి, 1829లో 693 పద్యములతో ఒక సంపుటమును ప్రకటించెను. 1839లో దానిని పెంచి 1,164 పద్యములతో మరల వెలువరించెను. ఆయన సేకరించిన తాటియాకు ప్రతులు తరువాత మదరాసులోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమునకు చేరినవి. ఆయన శుద్ధప్రతి వ్రాయించిన పిదప పాత ప్రతులను పారవేసి యుండినచో, నేడు ఆయన ఎంపిక సరియైనదో కాదో విచారించుటకు మనకు ఆధారమే ఉండెడిది కాదు.

ఇదే పని మహాభారతము విషయమున పూనాలో జరిగినది. అచ్చటి భండార్కరు ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో ఆరంభించి, 1966లో మూల భారత పరిష్కరణమును పూర్తిచేసెను. దానికై 1,259 వ్రాతప్రతులను పరిశీలించిరని చెప్పుదురు. ఆ పరిష్కర్తలు నిర్ణయించిన పాఠమును పుట పై భాగమున అచ్చువేసి, విడిచిన పాఠములను క్రింద చిన్న అక్షరములతో ఇచ్చిరి. విడిచినవి అనగా పారవేసినవి కావు; క్రింద చేర్చినవి అన్నమాట. ఈ చిన్న భేదమునందే పండితుని వినయమంతయు ఉన్నది. తాను పొరపడి యుండవచ్చునని ఎరిగినవాడే ఓడిన పాఠమునకు కూడ చోటిచ్చును.

దీనికి భిన్నమైన సంప్రదాయము మన సిద్దిపేట జిల్లాలోనే ఉన్నది. చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డపై పొడవైన పటములు వ్రాయుదురు. ఒక్కొక్క కులమునకు ఒక్కొక్క పురాణము. పద్మశాలీలకు మార్కండేయ పురాణము. దానిని కూనపులివారు పటము పరచి, బొమ్మ చూపుచు కథ చెప్పుదురు. పటము ఏండ్లకొలది చుట్టి, విప్పి, ఊరూర తిరిగి జీర్ణించినప్పుడు చిత్రకారునిచే క్రొత్తది వ్రాయించుకొందురు. పాతదానిని యథావిధిగా నీటిలో కలుపుట ఆచారము. ఇచ్చట పటము వస్తువు కాదు, దేవత. జీర్ణశరీరమును విడిచి క్రొత్త శరీరము దాల్చినది అని వారి భావము. ఆ దృష్టికి అది సరియే. కాని చరిత్ర వ్రాయువాని దృష్టికి నీటిలో కలిసిన ప్రతి పటముతో ఒక చిత్రకారుని చేయి, ఒక కాలపు రంగు కూడ కలిసిపోయినవి. క్రొత్త పటము పాతదానిలో ఏమి మార్చినదో చెప్పగలవారు లేరు. ఆటల ప్రతులను ఏరువారు ఈ రెండు దారుల నడుమ నిలిచి యున్నారు: భాండాగారపు దారి యొకటి, ఏటి దారి యొకటి.

ఇక అసలు విషయమునకు వత్తము. రెండు ప్రతులు ఒకటే అనుటకు అర్థమేమి? నేతగాండ్ల ఊరిలో ఉండువారమగుటచే మాకు ఒక సంగతి తెలియును. ఒకే మగ్గముపై, ఒకే పడుగుతో, ఒకే చేతితో నేసిన రెండు చీరలు ఎన్నడును ఒకటి కావు. ఒకదానిలో పోగు బిగిసి యుండును. ఒకదానిలో అంచు వెంట్రుకవాసి జరిగి యుండును. వ్రాతప్రతులును అంతే. కాని కంప్యూటరు దస్త్రము అట్టిది కాదు. అది అంకెల వరుస. ఆ వరుసలో ఒక్క అంకెయైన మారనిచో రెండు ప్రతులు నిజముగ ఒకటే. వానిని వేరుచేసి చూపుట బ్రహ్మతరము కూడ కాదు. 1804 ప్రాంతమున ఫ్రాన్సులో జకార్డు అను నేతగాడు చిల్లులు పొడిచిన అట్టలతో మగ్గమునకు పూవులు నేర్పినప్పుడే ఈ భావమునకు బీజము పడినది. బట్టకు బట్టకు భేదమున్నను, అట్టల వరుస మాత్రము ఒకటే. ఆటల దస్త్రములు ఆ అట్టల సంతతివే.

అయితే లక్షల అంకెల వరుసలను పోల్చుట ఎట్లు? దానికొక ఉపాయము కలదు. దస్త్రములోని అంకెలనన్నిటిని ఒక నియమము ప్రకారము కలగలిపి, మడచి, చివరకు ఒక చిన్న గుర్తు తేల్తురు. అది ఆ దస్త్రపు వ్రేలిముద్ర వంటిది. 1961లో వెస్లీ పీటర్సను ప్రకటించిన పద్ధతి నుండి పుట్టిన 'సీఆర్‌సీ' అనునది వీనిలో ప్రసిద్ధము. అందు ముప్పదిరెండు బిట్ల రూపము ఎనిమిది అక్షరముల గుర్తు నిచ్చును. అట్టి గుర్తులు సుమారు 429 కోట్లు మాత్రమే ఉండుటచే, వేర్వేరు దస్త్రములకు ఒకే గుర్తు వచ్చుట అరుదైనను అసంభవము కాదు. అందుచే 1992 నాటి 'ఎండీ5'ను, 1995 నాటి 'షా-1'ను కూడ తోడుగా వాడుదురు. షా-1 గుర్తు నలువది అక్షరములది. బుద్ధిపూర్వకముగ మోసము చేయదలచినవారు ఒకే గుర్తు కల రెండు దస్త్రములను పుట్టింపగలరని ఎండీ5 విషయమున 2004లోను, షా-1 విషయమున 2017లోను రుజువైనది. కాని పాత ఆటలను ఏరుటకు ఇవి చాలును. డేవ్ ఆటకు దొంగ వ్రేలిముద్ర సృష్టింప పూనుకొను పనిలేనివాడు ఎవడుండును?

వ్రేలిముద్రలు కలిసినచో ప్రతులు ఒకటే. అంతవరకు సులభము. కలియనప్పుడే పని ఆరంభమగును. ఏలనన, కలియకపోవుటకు కారణము రెండు విధములు: పైపై భేదము, లోపలి భేదము.

పైపై భేదమునకు ఉదాహరణములు చెప్పెదము. టీవీకి తగిలించి ఆడు నింటెండో ఆటలను చిప్పునుండి ఎక్కించినప్పుడు, దస్త్రము మొదట పదునారు బైట్ల తలకట్టు నొకదానిని చేర్చుట వాడుకైనది. ఆట చిప్పు ఏ రకమైనదో అది తెలుపును. ఆ తలకట్టు ఆటలోనిది కాదు, ఎక్కించినవారు అంటించిన చీటీ. చీటీలో ఒక్క అంకె మారినను వ్రేలిముద్ర మారును. ఆట మాత్రము అదే. నింటెండో 64 ఆటల విషయమున మరియొక వింత కలదు. ఎక్కించిన యంత్రమును బట్టి బైట్ల వరుస తారుమారగును. మూడు వరుసలు వాడుకలో ఉన్నవి. మూడును ఒకే ఆట. ఒకే పద్యమును ఒకడు తెలుగు లిపిలోను, ఒకడు గ్రంథ లిపిలోను వ్రాసికొనినట్లు అన్నమాట. మా పెట్టెలోని డేవ్ ఆటకు ఇట్టిదే మరియొక కథ. ఆ ఆట స్థలము పొదుపు చేయుటకై మూటకట్టిన రూపమున వెలువడినది. తరువాత ఆటను మార్చగోరినవారు ఆ మూటను విప్పి దాచుకొనిరి. మూటయు, విప్పినదియు పరిమాణమున వేరు, వ్రేలిముద్రయు వేరు. ఆడువానికి మాత్రము రెండును ఒకటే.

లోపలి భేదములు ఇంతకంటె రసవంతములు. మొదటిది కర్త స్వయముగ చేసిన దిద్దుబాటు. ప్రిన్స్ ఆఫ్ పర్షియాను జోర్డన్ మెక్నర్ అను అమెరికా యువకుడు 1989లో ఆపిల్ యంత్రమునకై వెలువరించెను. మరుసటి ఏట అది మన ఊళ్ళకు వచ్చిన పీసీ యంత్రములకు చేరినది. పీసీ కూర్పులే పెక్కు కలవు. వీనిని గుర్తించుటకు పిల్లలకే ఒక ఉపాయము తెలిసియుండెను. అడ్డదారిన ఆడుటకు ఆట పేరు ప్రక్కన చేర్చవలసిన రహస్యపదము మొదటి కూర్పులో 'మెగాహిట్'. తరువాతి కూర్పులలో 'ఇంప్రూవ్డ్'. ఏ పదమునకు ఆట లొంగునో చూచి కూర్పు చెప్పవచ్చును. పండితులు వ్యాకరణ ప్రయోగమును చూచి కవి కాలము నిర్ణయించుట వంటిదే ఇదియు.

రెండవది దేశమును బట్టి వచ్చు భేదము. 'కాంట్రా' ఆటను యూరపు ఖండమున ఇంటి యంత్రములకు విడుదల చేసినప్పుడు 'ప్రోబోటెక్టర్' అని పేరు మార్చి, అందలి మనుష్యులను మరబొమ్మలుగ మార్చిరి. కథ అదే, పాత్రలు వేరు. మూడవది దొంగప్రతి. ప్రిన్స్ ఆటలో మొదటి అంతస్తు దాటగానే మందుసీసాల గది యొకటి వచ్చును. ఆటతో వచ్చిన పుస్తకము చూచి సరియైన అక్షరము గల సీసా త్రాగవలెను. పుస్తకము లేనివాడు చచ్చును. కొనినవాడే ఆడవలెనని చేసిన కట్టడి అది. మన ఊళ్ళలో ఆ పుస్తకము చూచినవారెవరు? ఆట చేతులు మారుచు వచ్చినది. నడుమ ఎవడో ఆ కట్టడిని త్రెంచినాడు. మా పెట్టెలోని ప్రతులలో పెక్కు ఇట్టివే. జాబితాలలో వీనిని 'తెంచినవి' అని చిన్నచూపుతో గుర్తించుదురు. కాని దుబ్బాక పిల్లలు ఆడినది తెంచినదానినే. ఈ ఊరి చరిత్రకు అసలు ప్రతియే పరాయిది.

నాల్గవది రోగము సోకిన ప్రతి. 1987లో బయటపడిన 'జెరూసలెం' అను వైరసు ఆట దస్త్రములకు అంటుకొని, ఒక్కొక్కమారు 1,808 బైట్ల చొప్పున లావు చేయుచుండెను. ఒకే దస్త్రమునకు మరల మరల అంటుకొనుట దాని దోషము. అందుచే ఎన్నిమార్లు రోగగ్రస్తమైన యంత్రమున నడచినదో లావును బట్టి లెక్కింపవచ్చును. 1990లో మన దేశమున కనబడిన 'జోషి' వైరసు వేరొక జాతి. అది దస్త్రమును ముట్టక, ఫ్లాపీ మొదటి భాగమున దాగి, జనవరి 5వ తేదీన తనకు పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పుమని అడుగుచుండెను. దస్త్రముల వ్రేలిముద్రలు కలిసినను ఫ్లాపీ మొత్తపు వ్రేలిముద్ర కలియనప్పుడు ఇట్టి అతిథిని అనుమానింపవలెను. అయిదవది చెడిన ప్రతి: ఎక్కించునప్పుడు జారిన అంకెలు, చెరగిన పూత. పురుగు తిన్న తాటియాకునకు సోదరి.

ఈ భేదములనన్నిటిని క్రమపరచుటకు ప్రపంచమున పెక్కుమంది వేతనము లేక పాటుపడినారు. 1997 ఫిబ్రవరిలో ఇటలీ దేశస్థుడు నికోలా సాల్మోరియా 'మేమ్' అను సాధనమును వెలువరించెను. దుకాణములలో నాణెము వేసి ఆడు యంత్రముల ఆటలను ఇంటి కంప్యూటరుపై బ్రతికించుట దాని పని. అందులో ఒక్కొక్క ఆటకు ఒక ప్రతిని 'తల్లి'గ నిర్ణయించి, తక్కిన కూర్పులను దాని సంతానముగ చేర్చుదురు. 2000లో ఆరంభమైన 'టోసెక్' వారు పేరుపెట్టు పద్ధతిని నియమించిరి: ఆట పేరు, కూర్పు, సంవత్సరము, ప్రకటించినవారు, దేశము. 'నో-ఇంట్రో' వారు చిప్పుల ఆటలకును, 'రీడంప్' వారు పళ్ళెముల ఆటలకును జాబితాలు కట్టిరి. 'గుడ్‌టూల్స్' అనుదానిలో దస్త్రము పేరు చివర చతురస్రపు కుండలీకరణములలో గుర్తు లుంచిరి. ఆశ్చర్యార్థకము ఉన్నచో సరిచూచిన మంచి ప్రతి. 'బీ' అన్నచో చెడినది. 'ఏ' అన్నచో పాఠాంతరము. 'హెచ్' అన్నచో ఎవరో మార్చినది. 'టీ' చిన్న అక్షరమైనచో ఆడువానికి దొంగబలము చేర్చినది, పెద్ద అక్షరమైనచో భాష మార్చినది. పరిష్కర్తలు పుట క్రింద ఇచ్చు సంకేతములకును దీనికిని భేదమేమున్నది?

మన అంగళ్ళలో అమ్మిన చవుకరకపు టీవీ ఆటల చిప్పులను గూర్చియు ఒక మాట చెప్పవలెను. '9999 ఆటలు ఒక్కటిలో' అని పైన చీటీ ఉండెడిది. తెరపై పట్టిక చూడ తీరనంత ఉండెడిది. ఆడి చూచినచో నిజముగ ఉన్నవి కొన్నియే. తక్కినవి అవే ఆటలు. ఒకదానిని రెండవ అంతస్తునుండి మొదలిడించి క్రొత్త పేరు పెట్టిరి. ఒకదానిలో ప్రాణములు ఎక్కువ యిచ్చి మరియొక పేరు పెట్టిరి. నకళ్ళను ఏరుట నేడు ఎంత శ్రమయో, నకళ్ళను అసళ్ళుగ చూపుట నాడు అంత వ్యాపారము!

ఏరిన పిదప పంచుట ఎట్లు? ఇచ్చట రెండు పక్షములు కలవు. ఒక ఆటకు ఒకే మంచి ప్రతి చాలునని ఒక పక్షము. క్రొత్తగ వచ్చినవానికి ముప్పది కూర్పులు చూపినచో వాడు బెదరి పారిపోవునని వారి వాదము. అన్నియు ఉండవలెనని రెండవ పక్షము. తెలుగు పుస్తకముల విషయమున ఈ చిక్కును మనము చూచియే ఉన్నాము. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలకొలది తెలుగు గ్రంథములను ఛాయాచిత్రములుగ ఎక్కించినప్పుడు, ఒకే పుస్తకము రెండు మూడు మారులు, ఆంగ్లాక్షరములలో తప్పుగ వ్రాసిన వేర్వేరు పేర్లతో చేరినది. వెదకువాడు విసిగెడివాడు. కాని ఒక ప్రతిలో పుట చిరిగియున్నప్పుడు ఆ రెండవ నకలే ఆదుకొనెడిది. నకలు భారమును అగును, బీమాయు అగును.

చట్టమును మరువరాదు. మన కాపీరైటు చట్టము 1957 నాటిది. 1984 సవరణతో కంప్యూటరు ప్రోగ్రాములు కూడ సాహిత్యరచనలలో చేరినవి. కర్త మరణించిన పిదప అరువది ఏండ్లవరకు హక్కు నిలుచును. కావున పాతదైనంతమాత్రమున ఆట అందరి సొత్తు కాదు. అమెరికాలో 2010కి పూర్వము వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు అంగడిలో దొరకవని 2023లో ఆటల చరిత్ర సంస్థ యొకటి పరిశీలించి ప్రకటించినది. కొనవలెనన్న దొరకదు, పంచవలెనన్న హక్కు లేదు. ఈ ఇరుకున నడచువారు జాగ్రత్తగ నడువవలెను. ఇంటర్నెట్ ఆర్కైవు వారు 2015 జనవరిలో సుమారు 2,400 పాత పీసీ ఆటలను చదువరులు తెరపైనే ఆడి చూచునట్లు ఉంచిరి. కర్తలే ముందుకు వచ్చిన సందర్భములును ఉన్నవి. మెక్నర్ తన ప్రిన్స్ ఆట మూలలిపి పోయినదనుకొనెను. 2012లో ఆయన తండ్రి అల్మారాలో దొరకిన పాత డిస్కుల పెట్టెను పంపెను. నిపుణులు వచ్చి వానిని చదివిరి; ఆయన మూలలిపిని లోకమునకు వెల్లడించెను. అటక అమెరికాలోనిదైనను దుబ్బాకలోనిదైనను అటకయే.

మేము చేసినదేమి? హక్కులు తెలియని ఆటలను పంచలేదు. వాని వ్రేలిముద్రల జాబితాను, ఏ ఫ్లాపీపై ఏ ప్రతి దొరకినదో తెలుపు పట్టికను మాత్రము సిద్ధపరచితిమి. కర్త అనుమతించినవానిని మాత్రమే పంచుట మా నియమము. ఈ పనిలో మేము ఒక తప్పు చేసితిమి. దానిని దాచుట ధర్మము కాదు. ఏరు సాధనమునకు ప్రపంచ జాబితాను అప్పగించి, దానిలో లేని దస్త్రములను తొలగింపుమని ఆజ్ఞ యిచ్చితిమి. అది చెప్పినట్లు చేసినది. ప్రిన్స్ ఆట ప్రతులు పలుచబడినవి, సంచయము శుభ్రమైనది. మేము సంతోషించితిమి.

కొన్ని దినములకు ఊరిలోని ఒక నేత కుటుంబపు యువతి మమ్ము చూడవచ్చినది. ఆమె అన్న ఆ శిక్షణాలయమున చదివినాడట. ప్రిన్స్ ఆటను అరువది నిమిషముల గడువులో ముగించిన మొదటివాడు తానేనని ఇంట చెప్పుకొనెడివాడట. చిన్నవయస్సుననే పోయినాడు. "ఆటలో మా అన్న పేరు ఉంటదని అనెటోడు. ఇంకా ఉన్నదా?" అని ఆమె అడిగినది.

ఆట ముగించినవారి పేరును, మిగిలిన కాలమును ప్రిన్స్ ఒక చిన్న దస్త్రమున వ్రాసికొనును. అది ఆటలో భాగము కాదు. ప్రపంచ జాబితాలో ఉండదు. ఊరూర అది వేరుగ ఉండును. మా సాధనము దానిని పనికిరానిదని తొలగించినది. అదృష్టవశమున ఫ్లాపీలనుండి మొదట ఎక్కించిన మొత్తపు ప్రతులను మేము విడిగ దాచియుంటిమి. మరల వెదకితిమి. ఒకే ఆట, ఒకే కూర్పు, అక్షరము పొల్లుపోని నాలుగు నకళ్ళు. మేము మూడింటిని నకళ్ళని కొట్టివేసినవే. వానిలో మూడవదాని ప్రక్కన ఆ దస్త్రమున్నది. తెరచితిమి. ఆంగ్లాక్షరములలో ఆ పేరున్నది. దాని ఎదుట మిగిలిన నిమిషములున్నవి. ఆమె చాలసేపు ఆ తెరను చూచి, ఏమియు అనక, ఫోనులో దాని చిత్రము తీసికొని వెళ్ళినది.

తాటియాకు గ్రంథముల చివర లేఖకుడు తన పేరును, ఏ సంవత్సరమున ఎవరికొరకు వ్రాసెనో ఆ వివరమును చేర్చుట వాడుక. అది కవి వాక్యము కాదు. కావ్యమును మాత్రము కోరు పరిష్కర్తకు దానితో పని లేదు. కాని ఊరి చరిత్ర వ్రాయువానికి మొత్తము కట్టలో అదియే విలువైన పంక్తి. ఆ కావ్యము ఎచ్చట చదువబడినదో, ఎవరి చేతిలో ఉండినదో చెప్పునది అది యొక్కటియే. ప్రిన్స్ ఆటను లోకమున కోట్లమంది ఆడియుందురు. దుబ్బాకలో ఒక బాలుడు దానిని జయించెనని చెప్పు సాక్ష్యము లోకమంతటికిని ఆ ఒక్క ఫ్లాపీయే.

ఆ దినమునుండి మా పద్ధతి మార్చుకొంటిమి. ప్రతులను మూడు కట్టలుగ చేయుచున్నాము. మొదటిది అక్షరము మారని నకళ్ళ కట్ట: ఒకదానిని ఉంచుదుము, తక్కినవి ఎచ్చట దొరకినవో వ్రాసి ఉంచుదుము. రెండవది పాఠాంతరముల కట్ట: కూర్పు మారినది, కట్టడి తెంచినది, రోగము సోకినది, దేనినైన సరే గుర్తువేసి ఉంచుదుము, రోగము సోకినదానిని మాత్రము పంచము. మూడవది మనుష్యుల చేతిజాడల కట్ట: గెలుపుల పట్టికలు, మధ్యలో ఆపి దాచుకొనిన ఆటలు, ఫ్లాపీ చీటీపై కలముతో వ్రాసిన పేర్లు. దీనిని ఆయా కుటుంబముల అనుమతి లేక ఎవరికిని చూపము. మొదటి కట్ట యంత్రము ఏరగలదు. రెండవ కట్ట తెలిసినవాడు ఏరగలడు. మూడవ కట్టను ఏరుటకు ఆ ఊరివాడే కావలెను.

చేర్యాల పటమును నీటికి అప్పగించువారు దానికి ముందు నమస్కరింతురు. మేమును ఏదైన ప్రతిని తొలగించుటకు ముందు ఒకమారు ఆగి, దాని ప్రక్కన ఏమున్నదో చూడ నేర్చుకొంటిమి. మీ ఇంటి అటకపైన కూడ ఇట్టి పెట్టె యొకటి ఉండవచ్చును. దానిని తుక్కువానికి ఇచ్చుటకు ముందు ఒకమారు తెరచి చూడుడని కోరుచున్నాము. ఆ ఆట వేయిచోట్ల దొరకవచ్చును. ఆడినవాని పేరు మరియొకచోట దొరకదు.